దీవుల దేశాన్ని, దాని మతాన్ని కల్పించడం ఎలా?

కథ కోసం దీవులను ఊహించేవాళ్ళు చాలామంది దేవుడితో మొదలుపెడతారు. పేరు, ఆయుధం, పుట్టుక కథ అన్నీ ముందే రాసేసుకుంటారు. నేనైతే గాలితో మొదలుపెట్టమంటాను. మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు. చెక్క ఓడలు కట్టేచోట పెరిగినవాణ్ణి కాబట్టి, ఏ నెలలో బయల్దేరొచ్చన్నదే నాకు మొదటి ప్రశ్న.

ఒక కాగితం మీద ఏడాదంతా గీయండి. మన తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత ఈశాన్యం. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. మీ దీవుల్లో తెరచాప ఎప్పుడెత్తుతారో, పడవలను ఒడ్డుకు లాగి పలకల సందులు ఎప్పుడు పూడ్చుకుంటారో తేల్చుకుంటే పండగలూ పెళ్ళిళ్ళూ అప్పులు తీర్చే గడువులూ వాటంతటవే కుదురుతాయి. పోటుపాట్లు కూడా వేసుకోండి. పోటు రోజురోజుకూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పున్నమికీ బాగా ఎక్కుతుంది. కాబట్టి గుడిగంట తెల్లవారుజామునే మోగాలని పెట్టుకోకండి. పోటు ఎక్కినప్పుడే మోగించండి.

ఇక అందరినీ కలిపే మతం. దీని మీద ఎన్నాళ్ళు కూర్చున్నా తప్పులేదు. ఒకే దేవుణ్ణి, ఒకే గ్రంథాన్ని పెట్టేస్తే ఒక దీవి మిగతావాటిని లొంగదీసుకున్నట్టు ఉంటుంది. కోనసీమలోని జగ్గన్నతోట తీర్థం (జాతర) చూడండి. కనుమనాడు 11 ఊళ్ళ రుద్రులు, అంటే ఆయా ఊళ్ళ శివుళ్ళు, ప్రభల (అలంకరించిన ఎత్తైన చట్రాల) మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటిస్తారు. తోటలో గుడి లేదు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతావాటిని ఒక్కసారి పైకి లేపి గౌరవిస్తారు. ఎవరి శివుడు వారికే ఉన్నాడు, అయినా ఆ రోజు అందరూ రావాల్సిందే. నాకు ఇంతకన్నా మంచి నమూనా ఎక్కడా దొరకలేదు.

నేను రాసుకుంటున్న దీవుల్లో ప్రతి రేవుకీ ఒక అమ్మ ఉంది. ఏడాదికోసారి అన్ని అమ్మలూ నడిసముద్రంలో ఒక ఇసుకదిబ్బ మీద కలుస్తారు. దిబ్బ ఏ దీవిదీ కాదు, పైగా ఏటా చోటు మారుతుంది. మన కాకినాడ తీరంలోని హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన ఇసుకే కదా. ఆ ఏడు దిబ్బ ఎక్కడ తేలిందో చుక్కల్నీ నీటి రంగునీ చూసి చెప్పగలిగిన సరంగే (ఓడ నడిపేవాడే) అక్కడ పూజారి. దీంతో ఓడ నడిపే విద్య, భక్తి ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి.

యాత్రతో పాటు సరుకు కూడా కదలాలి. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల కులా మారకంలో ఎర్ర గవ్వల హారాలు ఒక దిక్కుగా, తెల్ల శంఖపు కడియాలు ఎదురు దిక్కుగా తిరుగుతాయి. వాటి వెంబడే మామూలు వ్యాపారమూ సాగుతుంది. మీ మొక్కుబడి పడవల్లోనూ ఉప్పు, తాళ్ళు, విత్తనాలు ఉండాలి.

చివరగా తుపాను. 1839లో కోరంగి రేవును ముంచేసింది అదే. సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరానివాడికి కర్మ ఎప్పుడు చెయ్యాలి? శవం లేకుండా ఏం దహనం చేస్తారు? భార్య ఎన్నాళ్ళు ఎదురుచూడాలి? ఒక దీవి ఒక వర్షాకాలం చాలంటుంది, ఇంకోటి మూడు దిబ్బయాత్రలు దాటాలంటుంది. వేర్వేరు దీవులకు చెందిన అత్తాకోడళ్ళ మధ్య ఈ తగువు పెట్టి, మొదటి అధ్యాయం అక్కడే రాయండి.