గ్యాస్ తగ్గిందా? పొయ్యి విప్పే ముందు బకెట్ చూడండి

హోటల్ ఎంగిలన్నంతోనో, జ్యూస్ సెంటర్ పిప్పితోనో బయోగ్యాస్ తీసేవాళ్లు ఏదైనా తేడా వస్తే ముందు బర్నర్ విప్పుతారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, పొద్దున ప్లాంటు ఇన్‌లెట్‌లో (వ్యర్థాలు పోసే తొట్టిలో) పోసిన బకెట్‌లో ఉంటుంది. పెండతో నడిచే ప్లాంటు ఎంత అశ్రద్ధ చేసినా ఎలాగోలా నడుస్తుంది గానీ, తిండి వ్యర్థాలతో నడిచేది అలా కాదు.

గ్యాస్ పడిపోయింది, అవుట్‌లెట్‌లో (వాడేసిన నీళ్లు బయటికొచ్చే చోట) పుల్లటి వాసన

ముందు పైపు జాయింట్లకు సబ్బు నురగ రాసి లీకు లేదని తేల్చుకోండి. లీకు లేకపోతే లోపల పులిసిపోయినట్టే. అన్నం, గంజి, కూల్‌డ్రింకులు, పాల డెయిరీ నుంచి వచ్చే విరుగుడు నీళ్లు గబగబా ఆమ్లంగా మారతాయి, ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ చేసే సూక్ష్మజీవులేమో చాలా నిదానం. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాల్ నుంచి మిగిలిన బగారన్నం డ్రమ్ముల కొద్దీ వచ్చింది కదా అని ఒక్కరోజే పోసేస్తే పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 6.5 కంటే కిందికి పోతుంది, గ్యాస్ చేసేవి పని ఆపేస్తాయి.

మేత, అంటే రోజూ పోసే వ్యర్థాలు, పూర్తిగా ఆపండి. తినే సోడా నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ, రోజూ పీహెచ్ పట్టీ ముంచి చూడండి. సున్నం కూడా పనిచేస్తుంది కానీ ఎక్కువైతే లోపలి కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అడుగున రాయిలా పేరుకుంటుంది, అందుకే నేనైతే సోడాకే ఓటేస్తా. దగ్గర్లో బాగా నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంటే అక్కడి స్లర్రీ (లోపలి చిక్కటి పెండ నీళ్లు) నాలుగు బిందెలు తెచ్చి పోస్తే ఇంకా త్వరగా కోలుకుంటుంది. పీహెచ్ 6.8 నుంచి 7.2 మధ్య నిలబడ్డాకే పాత మేతలో పావు వంతుతో మళ్లీ మొదలుపెట్టండి. టెన్షన్ పడి రెండో రోజే ఫుల్ బకెట్ పోస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

బత్తాయి తొక్కలు వేసినప్పటి నుంచి గ్యాస్ లేదు

నల్గొండలో ఇది మామూలే. తొక్కను వేళ్ల మధ్య వంచితే కంట్లోకి చిమ్మే నూనె ఉంది చూశారా, అందులో ఎక్కువగా ఉండేది లిమోనిన్, అది సూక్ష్మజీవులకు విషం. రసం తీశాక మిగిలే పిప్పి వేయండి, తొక్కలు మాత్రం కంపోస్టు గుంతకు పంపండి. గిన్నెలు, నేల కడిగిన ఫినాయిల్, బ్లీచింగ్ నీళ్లదీ ఇదే కథ, వాటిని వేరే కాలువకు మళ్లించండి.

గ్యాస్ ఉంది, అంటుకోదు లేదా మంట ఎగిరెగిరి పడుతోంది

కొత్త ప్లాంటులో మొదట వచ్చే గ్యాస్ ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, పైగా గాలి కూడా కలిసి ఉంటుంది. దాన్ని బయటికి వదిలేయండి, పైపు చివర అగ్గిపుల్ల గీసి చూడకండి, పేలొచ్చు. పాత ప్లాంటులో మంట ఊగుతుంటే పైపులో నీళ్లు దిగినట్టు, అన్నిటికంటే పల్లంలో ఉన్న వాల్వు తెరిచి వదిలేస్తే సరిపోతుంది.

కుళ్లిన కోడిగుడ్డు వాసన, బర్నర్ నల్లబడడం

ఇది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పని. మాంసం, కోడి వ్యర్థాలు, గుడ్లు ఎక్కువైతే పెరుగుతుంది. పైపు మధ్యలో తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన గొట్టం పెట్టండి. రజను నల్లగా మారాక తీసి ఆరుబయట తడిపి పలుచగా పరవండి, కుప్పగా పోస్తే గాలి తగిలి వేడెక్కి అంటుకోవచ్చు.

పైన మందపాటి తెట్టె

కూరల నూనె, బిర్యానీ కొవ్వు. వంటింటి కాలువకే నూనె ఆపే చిన్న తొట్టి కట్టించండి, అప్పటిదాకా రోజూ కలియబెట్టండి. డిసెంబరు, జనవరి చలికి గ్యాస్ కాస్త తగ్గడం మాత్రం మామూలే, మేత తగ్గించి గోరువెచ్చని నీళ్లు కలపండి, అంతకు మించి ఏమీ చేయక్కర్లేదు.

తెట్టె ఎంత గట్టిగా ఉన్నా గడకర్రతో పైనుంచే కదిలించండి. ట్యాంకులోకి మనిషిని దించొద్దు, ఖాళీ చేసిన ట్యాంకైనా సరే. లోపల గ్యాస్ ఎక్కువగా ఉంటే వాసన కూడా తెలియకుండానే పడిపోతారు.