డబ్బా చేపతో పులుసు: కొత్తగా దేశం దాటిన మన పిల్లల కోసం

సెలవుకు హన్మకొండ వచ్చిన ప్రతిసారీ మా ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. సెప్టెంబరులో ఇంగ్లండ్ వెళ్ళబోయే అమ్మాయి, దుబాయ్‌లో పని దొరికిన జగిత్యాల తమ్ముడు, వాళ్ళ వెంట అమ్మానాన్నలు. చలి గురించి, రూమ్ కిరాయి గురించి, పార్ట్‌టైమ్ గురించి మాటలయ్యాక తల్లులు మాత్రం ఒక్కటే అడుగుతారు: "మరి తిండెట్ల బిడ్డా?" ఈసారి ఆ జవాబును రాసి పెడదామనుకున్నాను. అన్నం, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది చేప గురించి.

మనకు చేప అంటే చెరువు. పాకాల, లక్నవరం, రామప్ప. వల లాగిన పూట కళ్ళ ముందే తూకం వేసి, పొలుసు తీసి ఇచ్చే బొచ్చె, రవ్వ. చేతిలో డబ్బులుంటే కొర్రమీను. మృగశిర కార్తె రోజు చేప తినని ఇల్లు మా వాడలో దాదాపు ఉండదు. అలా పెరిగినవాళ్ళం సూపర్‌మార్కెట్‌లో వరసగా పేర్చిన డబ్బాలను చూసి ముందుకు వెళ్ళిపోతాం. నేనూ మూడు నెలలు అట్లే వెళ్ళిపోయాను. పెరుగన్నం, బ్రెడ్డు, నూడుల్స్‌తో నెట్టుకొచ్చాను. ఒక ఆదివారం ప్రాణం ఆగక సార్డీన్ డబ్బా కొని, అమ్మ చేసినట్టే చింతపండు రసంలో వేసి ఇరవై నిమిషాలు మరిగించాను. చేప కనిపించలేదు, బూడిద రంగు గుజ్జు మిగిలింది. పారబోసి ఏడ్చాను. ఫోన్‌లో విన్న అమ్మ ఒకే మాట అంది: "ఉడికిందాన్ని మళ్ళెందుకు ఉడకబెట్టినవ్ బిడ్డా?"

డబ్బా చేప సంగతంతా ఆ మాటలోనే ఉంది. చేపను డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూత బిగించి, మన ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద పాత్రల్లో 115 నుంచి 121 డిగ్రీల వేడి మీద ఉడికిస్తారు. క్రిములు చచ్చేది ఆ వేడికే. అందుకే అది ఫ్రిజ్ లేకుండా ఏళ్ళ తరబడి ఉంటుంది. సార్డీన్ నడుము ముల్లు వేలితో నొక్కితే మెత్తగా పొడైపోయేది కూడా అందుకే. ఆ ముల్లు తీసేయకండి, క్యాల్షియం దానిలోనే ఉంటుంది. కాబట్టి పులుసు పూర్తిగా తయారయ్యాకే చేప అందులోకి దిగాలి.

ముందు ఏ డబ్బా కొనాలో చూద్దాం. సార్డీన్లంటే కోస్తా వాళ్ళు కవళ్ళు అనే చిన్న చేపలు. పిల్చర్డ్స్ అని రాసి ఉంటే అవీ ఆ చేపలే, కొంచెం పెద్దవి. బ్రిటన్‌లో ఇవి టమాటా సాస్‌లో, 400 గ్రాముల డబ్బాల్లో చవకగా దొరుకుతాయి. మన పులుసుకు వీటిని మించింది లేదని నా అభిప్రాయం. మ్యాకరెల్ అంటే కానాగంత. ముక్క గట్టిగా ఉంటుంది, విరగదు. ట్యూనాకు ముల్లు ఉండదు, పులుసుకు పనికిరాదు, పొడి కూరకు బాగుంటుంది. సాల్మన్ డబ్బా ధర ఎక్కువ, మొదట్లో అవసరం లేదు. మూత మీద 'బ్రైన్' అని ఉంటే ఉప్పునీళ్ళు, అవి వంపేసి కూరలో ఉప్పు తగ్గించండి. 'ఆయిల్' అని ఉంటే ఆ నూనెలోనే పోపు పెట్టండి, చేప రుచి అందులోకి దిగి ఉంటుంది. ఆంచోవీలు మాత్రం వేరే సంగతి. అవి ఉప్పులో ఊరినవి, మన ఎండుచేపంత ఉప్పగా ఉంటాయి. వాటితో కూర చేద్దామని కొనకండి.

ఇక పులుసు. మొన్న ఇక్కడ మా వంటింట్లోనే, తెచ్చుకున్న పిల్చర్డ్స్ డబ్బాతో అమ్మ ముందర చేశాను. నిమ్మకాయంత చింతపండు తీస్తే అమ్మ సగం వెనక్కి పెట్టింది. సాస్‌లో టమాటా పులుపు ఉంది కదా, అదీ లెక్కలోకి రావాలి. రెండు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించాలి. పావు చెంచా మెంతులు, కరివేపాకు, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచాన్నర కారం. పచ్చివాసన పోయాక చింతపండు రసం, డబ్బాలోని సాస్ రెండూ పోసి, అంచుల్లో నూనె తేలేదాకా పది పన్నెండు నిమిషాలు మరగనివ్వండి. అప్పుడు మంట బాగా తగ్గించి, చేపలను ఒక్కొక్కటిగా గరిటె మీద జార్చి పులుసులోకి దించండి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా ఒకసారి తిప్పండి, మూత పెట్టి మూడు నిమిషాలకు దించేయండి. గంట ఆగి తింటే ముక్కకు పులుపు పడుతుంది. మా అమ్మ ముక్క విరిచి, ముల్లు నోట్లో వేసుకుని నమిలి చూసి, "ముల్లు కూడా ఏం దొరుకుతలేదే" అని రెండోసారి అన్నం పెట్టుకుంది. ఒక డబ్బా ముగ్గురికి సరిపోయింది.

ట్యూనాను కోడిగుడ్డు పొరటు చేసినట్టే చేయండి. నీళ్ళు గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక వేసి ఐదు నిమిషాలు కలిపితే చాలు, పైన నిమ్మకాయ. చపాతీలోకి, బ్రెడ్డులోకి బాగుంటుంది. గల్ఫ్‌కు వెళ్ళే తమ్ముళ్ళు పని నుంచి వచ్చిన అలసటలో పొయ్యి ముట్టించనక్కర లేకుండా, ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మరసం కలిపి ఖుబ్జ్ రొట్టెలో పెట్టుకున్నా పూట గడుస్తుంది. అయితే దుబాయ్‌లో సెలవు రోజు దేరా వైపు వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కు వెళ్ళండి. పచ్చి చేప కోసి శుభ్రం చేసి ఇస్తారు. అక్కడ కనాద్ అనేది మన వంజరం రకం.

ఫ్రీజర్‌లో దొరికే రొయ్యల దగ్గర కూడా అమ్మ చెప్పిన మాటే గుర్తుంచుకోవాలి. బూడిద రంగువి పచ్చివి, గులాబీ రంగువి ముందే ఉడికినవి. ఉడికినవాటిని వేపుడు చేస్తే రబ్బరులా సాగుతాయి. కూర చేయాలనుకుంటే ప్యాకెట్ మీద 'రా' (raw, అంటే పచ్చివి) అని ఉన్నవే తీసుకోండి. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దుటికి మంచు కరుగుతుంది. రవ్వ, బొచ్చె కావాలంటే బంగ్లాదేశీ దుకాణాలకు వెళ్ళండి, ముక్కలు కోసి గడ్డకట్టించి అమ్ముతారు. నా మొదటి శీతాకాలంలో అక్కడ ఫ్రీజర్ మీద 'రోహు' అన్న అక్షరాలు చూసి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఆల్చిప్పలు, పీతలు ఇంతకుముందు తినని వాళ్ళు మొదటిసారి ఒకటి రెండు ముక్కలే తినండి. మనలో చాలామందికి ఆ అలర్జీ ఉందో లేదో తెలియదు. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి, బ్రిటన్‌లో అది 999. పచ్చి ఆల్చిప్పలు వండితే, ఉడికాక కూడా నోరు తెరవనివి పారేయాలి.

కొన్ని విషయాల్లో అస్సలు మొహమాట పడొద్దు. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అంచు మీద లోతుగా సొట్టపడిన డబ్బా రుచి కూడా చూడకుండా పారేయండి. తెరిచాక మిగిలినదాన్ని డబ్బాలోనే ఉంచకండి. స్టీలు గిన్నెలోకో గాజు సీసాలోకో మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. ట్యూనా, మ్యాకరెల్, సార్డీన్ గంటల తరబడి బయట ఉంటే హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒళ్ళంతా ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. మళ్ళీ వేడి చేసినా అది పోదు. డబ్బాను మైక్రోవేవ్‌లో గానీ, మూత తీయకుండా పొయ్యి మీద గానీ పెట్టొద్దు.

ఎంత తినొచ్చు అంటే, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వారానికి కనీసం 2 సార్లు చేప తినమంటుంది. అందులో ఒకసారి సార్డీన్, మ్యాకరెల్, సాల్మన్ లాంటి నూనె చేప ఉండాలి. డబ్బా ట్యూనా నూనె చేప లెక్కలోకి రాదు. గర్భిణులు నూనె చేపలు వారానికి 2 సార్లకు, ట్యూనా 4 డబ్బాలకు మించకూడదు. పాదరసం వల్ల సొరచేప, స్వోర్డ్‌ఫిష్, మార్లిన్ పూర్తిగా మానాలి. అమెరికా వెళ్ళే అమ్మాయిలు ఇంకొకటి గమనించాలి. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులు తినకూడదని చెప్పే జాబితాలో కింగ్ మ్యాకరెల్ ఉంది. అది వంజరం కుటుంబంలోదే. ఇండియన్ స్టోర్‌లో 'కింగ్‌ఫిష్' అని చూసి తొందరపడకుండా ప్యాకెట్ వెనక అసలు పేరు చదవండి.

వాసన గురించి టెన్షన్ పడేవాళ్ళు ఎక్కువ. వండే ముందే కిటికీ తెరిచి, పొయ్యి పైన ఫ్యాన్ వేసి, పడకగది తలుపు మూయండి. చేప నూనె సింకులో పోయొద్దు, పైపు పూడుకుంటుంది. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. డబ్బా కడిగి ఆ రాత్రే బయటి బిన్‌లో పడేయండి, మూత అంచు కత్తిలా ఉంటుంది, జాగ్రత్త. ఆఫీసు మైక్రోవేవ్‌లో మాత్రం చేప వేడి చేయకండి. ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు ఉంటే ముందే మాట్లాడుకుని ఒక గిన్నె, ఒక గరిటె విడిగా పెట్టుకోండి. శనివారాలు, కార్తీకం పాటించే రూమ్మేట్‌తో ఈ ఒక్క మాట ముందే అనుకుంటే ఏడాదంతా గొడవ ఉండదు.

ఇక్కడి నుంచి ఏం తీసుకుపోవాలంటే చింతపండు, మెంతులు, ధనియాల పొడి, కారం. కారం కొనేటప్పుడు మాత్రం చపాటా మిరపకాయ అడగండి. పుట్టిన ప్రాంతాన్ని బట్టి ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి అది, టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, మంట తక్కువ. కిలో చపాటాకు పావుకిలో తేజ మిర్చి కలిపి పట్టించండి. పట్టించిన పొడిని రెండు కవర్లలో కట్టి, మధ్యలో బట్టలు పెట్టి సూట్‌కేస్‌లో సర్దండి. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు దిగగానే ఇచ్చే కార్డు మీద తినే వస్తువులున్నాయని తప్పకుండా రాయండి. ఎండుచేపలు మాత్రం అమ్మ ఎంత బతిమాలినా ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి.