సిడ్నీ తొలితరం పాదిరి వంశం వెతకాలంటే: పాత సర్టిఫికెట్లకు దరఖాస్తు విధానం

సిడ్నీలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళల్లోకి అక్కడి కోడళ్ళు, అల్లుళ్ళు వస్తున్నారు. "మా ముత్తాతల్లో ఒకాయన ఇక్కడికి మొదట్లో వచ్చిన పాదిరి అట" అని వాళ్ళు చెబితే, అది నిజమో కాదో కాగితం మీద తేల్చుకునే చోటు ఒకటుంది. అదే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వ జనన, మరణ, వివాహాల రిజిస్ట్రీ.

ఉదాహరణకు రెవరెండ్ శామ్యూల్ మార్స్‌డెన్‌ను తీసుకుందాం. 1765లో యార్క్‌షైర్‌లోని ఫార్స్లీలో పుట్టి, 1794లో సిడ్నీ చేరాడు. సిడ్నీకి పడమరనున్న పారామట్టాలో చర్చి నడిపాడు, గొర్రెలు పెంచాడు, మేజిస్ట్రేటుగా కూర్చున్నాడు. కొరడా దెబ్బలు వేయించడంలో కనికరం లేనివాడని పేరు మోశాడు. 1838లో చనిపోయాడు.

ముందే డబ్బు కట్టకండి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో కుటుంబ చరిత్ర వెతుకులాట ఉచితం. పేరు, సుమారు సంవత్సరాలు ఇస్తే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. అది రాసుకుని, ఆ నంబరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి కార్డుతో ఫీజు కట్టాలి. జననమైతే 100 ఏళ్ళు, వివాహమైతే 50, మరణమైతే 30 ఏళ్ళు దాటిన రికార్డులు అందరికీ తెరిచే ఉంటాయి. బంధుత్వం రుజువు చేయనక్కర్లేదు. అంతకంటే కొత్తవాటికి మాత్రం గుర్తింపు పత్రాలు అడుగుతారు.

స్పెల్లింగు విషయంలో పట్టుదలకు పోవద్దు. పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ఎన్ని వేషాలు వేస్తుందో తెలిసిందేగా! చర్చి రిజిస్టర్లు రాసినవాళ్ళూ చెవికి వినబడిందే రాశారు. మార్స్‌డెన్ అల్లుడి ఇంటిపేరునే తీసుకోండి: హాసల్, హాసెల్ రెండూ కొట్టి చూడండి.

అసలు చిక్కు 1856 దగ్గర వస్తుంది. ప్రభుత్వ నమోదు ఆ ఏడాది మార్చి 1న మొదలైంది. అంతకు ముందువన్నీ చర్చి రికార్డులే: బాప్తిస్మం, పెళ్ళి, ఖననం. వాటి నంబరులో ఇంగ్లిషు 'వి' (V) అనే అక్షరం కనిపిస్తుంది. వీటిలో వివరాలు తక్కువ. మార్స్‌డెన్ ఖననం రికార్డు తెప్పించుకుని అందులో అమ్మానాన్నల పేర్ల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. అదే 1856 తర్వాతి మరణ సర్టిఫికెట్‌లోనైతే తల్లిదండ్రులు, పుట్టిన చోటు, పెళ్ళి, పిల్లలు, కాలనీలో (అంటే అప్పటి బ్రిటిష్ వలసలో) ఎన్నేళ్ళున్నారో కూడా రాసే గళ్ళుంటాయి. అందుకే నా సలహా: పాదిరి గారి కాగితానికి కాదు, ఆయన తర్వాతి తరం వాళ్ళ కాగితానికి డబ్బు పెట్టండి. ఆయన పెద్దకూతురు ఆన్ 1822లో రెవరెండ్ థామస్ హాసల్‌ను పెళ్ళాడింది. ఆ అల్లుడు పోయింది 1868లో, అంటే కొత్త పద్ధతి వచ్చాక. ఆన్ పుట్టింది ఓడ మీద, సిడ్నీకి వస్తూ దారిలో. కాబట్టి ఆమె పుట్టిన ఊరంటూ వెతకడం దండగ.

కోర్టుకో మరో ఆఫీసుకో ఇవ్వాల్సిన పని లేకపోతే పూర్తి సర్టిఫికెట్ దాకా పోనక్కర్లేదు. రిజిస్ట్రీ అనుమతి ఉన్న ట్రాన్‌స్క్రిప్షన్ ఏజెంట్లు అందులోని వివరాలను టైపు చేసి తక్కువ ధరకే ఇస్తారు. వంశవృక్షం గీసుకోవడానికి అది చాలు, కానీ దాన్ని ప్రభుత్వ పత్రంగా చూపలేం.

భూముల గ్రాంట్లు, సర్కారుకు పెట్టుకున్న అర్జీలు కావాలంటే స్టేట్ ఆర్కైవ్స్‌లో (రాష్ట్ర ప్రభుత్వ పాత రికార్డుల భండారంలో) 1788 నుంచి 1825 వరకు కలోనియల్ సెక్రటరీ, అంటే వలస ప్రభుత్వ కార్యదర్శి, కాగితాలున్నాయి; ఇండెక్స్ ఆన్‌లైన్‌లో ఉచితం. రీడింగ్ రూమ్ కింగ్స్‌వుడ్‌లో ఉంది. పారామట్టా చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఎటూ దగ్గరే కాబట్టి సెయింట్ జాన్స్ శ్మశానానికి కూడా వెళ్ళి చూడొచ్చు; మార్స్‌డెన్ సమాధి అక్కడే ఉంది.

ఇక ఇంగ్లండ్ వైపు. అక్కడ ప్రభుత్వ నమోదు 1837 జూలై 1 నుంచే. 1765 నాటి పుట్టుకకు అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టి లాభం లేదు, ఆ ఊరి పారిష్ (చర్చి) రిజిస్టరే చూడాలి. పాదిరి కావడం ఇక్కడ ఒక విధంగా మన అదృష్టం: 1540 నుంచి 1835 వరకు ఇంగ్లండ్ చర్చి పాదిరుల నియామకాలను ఒక డేటాబేస్‌గా ఆన్‌లైన్‌లో పెట్టారు. దానికి ఫీజూ లేదు, దరఖాస్తూ లేదు.