డాబీ మగ్గం సొంతంగా – 4వ పాఠం: గళ్ల కాగితం నుంచి మేకుల దాకా

ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకుందాం. అది తేలకపోతే ఇవాళ కొట్టే మేకులన్నీ దండగ. డాబీ అంటే మగ్గానికి తగిలించే పరికరం. చెక్క బద్దల గొలుసు మీద కొట్టిన మేకుల్ని బట్టి, ఒక్కో పేకకు (అడ్డపోగుకు) ఏ షాఫ్టులు లేవాలో అది చూసుకుంటుంది.

8 షాఫ్టుల (పడుగు పోగులు దూర్చే కన్నులున్న చట్రాల) మీద ఎక్కి దిగే వరుసలో పడుగు పోగులు దూర్చమన్నాను. బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఫొటోల్లో చాలామటుకు వరుస ఇలా ఉంది: 1 నుంచి 8 దాకా, మళ్లీ 8 నుంచి 1 దాకా. మొత్తం 16 పోగులు. చూడటానికి సమంగా ఉంటుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. కానీ కావలసింది 14. 1 2 3 4 5 6 7 8 7 6 5 4 3 2, ఆ తర్వాత మళ్లీ 1. రెండు కొసల్లో ఉన్న 1కీ 8కీ ఒక వరుసలో ఒక్కొక్క పోగే.

సాదా నేతలో ఒకసారి బేసి షాఫ్టులు లేస్తాయి, ఒకసారి సరి షాఫ్టులు. 8 పక్కన ఇంకో 8 ఉంటే ఆ రెండు పోగులూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. వాటి మధ్య నేతే ఉండదు. గుడ్డ పొడుగునా జంట గీత పడుతుంది. ఉతికినా పోదు, గంజి పెట్టినా పోదు. టెన్షన్ తక్కువైందేమోనని కొందరు పడుగు బిగించారట. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడేం చేయాలి? నేర్చుకోవడానికి వేసుకున్న నూలు పడుగే అయితే, ప్రతి వరుసలో ఒక 8ని, ఒక 1ని కన్నులోంచి లాగేసి మగ్గం వెనక వేలాడదీయండి. రీడ్‌లో (పోగుల్ని విడదీసే దువ్వెన లాంటి దానిలో) అక్కడక్కడ పలచన కనిపిస్తుంది, కనిపించనీయండి. పట్టు పడుగు మీద ఈ తప్పు చేసినవాళ్లు మాత్రం మొదటి నుంచి దూర్చుకోవాల్సిందే. అయినా నాలుగో పాఠానికే పట్టు ఎందుకండీ?

డాబీని మగ్గం మీదికి ఎక్కించడం, తాళ్లు సరిచూడటం నేను చెప్పను. మగ్గం ఉన్న ఇంట్లో అది తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటారు.

ఇక మేకులు. చేతిమగ్గం డాబీలో మామూలుగా ఒక బద్ద అంటే ఒక పేక. పవర్‌లూమ్ నుంచి తీసేసిన పాత డాబీ కొన్నవాళ్లు బద్దని తిప్పి చూడండి. రెండు వరుసల బెజ్జాలు ఉంటే అది కీత్లీ రకం. ఇంగ్లండులో 1867లో పేటెంటైన పద్ధతి. అందులో ఒక్కో బద్దకు రెండు పేకలు, బద్దల లెక్క సగానికి తగ్గిపోతుంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. గళ్ల కాగితం మీద త్రిభుజం గీసి, లోపల నల్లగా నింపి, నల్ల గడి ఉన్నచోటల్లా మేకు కొట్టేస్తారు. నేసి చూస్తే గుడ్డ పైన త్రిభుజం బోలుగా, చుట్టూ రంగు. మగ్గం తప్పంటారు. మగ్గం తప్పు కాదు. మేకు లివర్‌ని కదుపుతుంది, షాఫ్టు లేస్తుంది, పడుగు పోగు పైకొస్తుంది. రంగు పేక ఆ పోగు కింది నుంచి పోతుంది. అంటే మేకు ఉన్నచోట రంగు పైన కనిపించదు! మీరు నింపిన నల్ల గడి "ఇక్కడ రంగు కావాలి" అంటోంది. డాబీకి అర్థమయ్యేది "ఇక్కడ పోగు లేపు" అని. ఈ రెండూ ఎదురెదురు. కాబట్టి గీసేటప్పుడే కాగితం మూలన రాసి పెట్టుకోండి: నలుపు అంటే రంగా, లేవడమా? ఆ ఒక్క మాట రాయని కాగితాన్ని నేను పక్కన పడేస్తాను. షాఫ్టుల్ని కిందికి దించే డాబీలూ ఉన్నాయి. వాటికి ఇదంతా తిరగబడుతుంది. మీది ఏదో తెలియకపోతే ఒక బద్దకు ఒకే మేకు కొట్టి తొక్కి చూడండి.

త్రిభుజం లెక్క చూద్దాం. రంగు పైన కనిపించాలి. అడుగు పేకకు 1 ఒక్కటే లేవాలి, 2 నుంచి 8 దాకా కిందే ఉంటాయి. రంగు 13 పోగుల మీదుగా పరుచుకుంటుంది. తర్వాతి పేకకు 1, 2 లేస్తాయి, రంగు 11 పోగులు. అలా ఎక్కుతూ పోతే చివర 1 నుంచి 7 దాకా లేచి, 8వ షాఫ్టు పోగు ఒక్కటే కింద మిగులుతుంది. రంగు పేకలు 7. ఒక్కో రంగు పేక తర్వాత ఒక సాదా పేక, బేసి ఒకసారి, సరి ఒకసారి. 14 బద్దలు చాలనుకుంటారు. చాలవు. 7 సాదా పేకలు బేసితో మొదలై బేసితోనే ముగుస్తాయి. గొలుసు తిరిగి మొదటికి రాగానే మళ్లీ బేసే. త్రిభుజానికీ త్రిభుజానికీ మధ్య సాదా నేతలో అడ్డంగా జంట పేక. అందుకే 28 బద్దలు కట్టి, రెండో 14లో సాదా వరుసను సరితో మొదలుపెట్టండి.

ఇది మన బరంపురం పట్టుచీరల కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి త్రిభుజాల అంచు) అనుకోవద్దు. కుంభంలో అంచు పేక, చీర ఒంటిలోని పేక ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అది నాడెల పని, డాబీ ఇవ్వలేదు.

చిన్న బుటాలైతే నేను గుడ్డని బోర్లా నేస్తాను. బుటా ఉన్న షాఫ్టులే లేస్తాయి, కాలికి తేలిక. కింద ఏం పడుతోందో చూడటానికి ఫోన్ సెల్ఫీ కెమెరా పెడతాను. ఇందాకటి త్రిభుజానికి మాత్రం ఎటు నేసినా రంగు బద్దల మేకులు 28 చొప్పునే, లాభం లేదు.

గోపాల్‌పూర్ గాలికి వానాకాలంలో చెక్క మేకులు ఉబ్బి బెజ్జాల్లో ఇరుక్కుంటాయి. కొవ్వొత్తి రుద్ది కొట్టండి. బద్దల మీద నంబర్లు పెన్సిల్‌తోనే వేయండి, పెయింట్ వద్దు.

అభ్యాసం: ఇదే త్రిభుజాన్ని కొసదాకా ఎక్కించి, మళ్లీ దింపి వజ్రం చేయండి. ఎక్కేటప్పుడు 1 నుంచి 7, దిగేటప్పుడు 6 నుంచి 2. పోయిన పాఠంలో కొసలు రెండుసార్లు వేసినట్టు ఇక్కడా వేస్తే మళ్లీ ఫొటోలు పంపకండి. సాదా పేకలు కలిపి ఎన్ని బద్దలు? ఈసారి రెండింతలు కట్టక్కర్లేదు, ఎందుకు? ప్రతి బద్దకూ ఏ షాఫ్టులు లేస్తాయో పూర్తిగా రాయండి. తర్వాత అదే పట్టికను బోర్లా నేతకు మార్చి రాయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకున్నాకే మొదటి మేకు కొట్టండి. ఒక్కో పద్ధతిలో జానెడు గుడ్డ నేయండి.