నెఫ్రోటిక్ సిండ్రోమ్: స్టెరాయిడ్ మొదటి మాత్రకు ముందు

పొద్దున్నే బిడ్డ కళ్లు ఉబ్బి, మూత్రం నురగ కడితే డాక్టరు నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి ప్రొటీన్ మూత్రంలోకి పోయే జబ్బు) అని చెప్పి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాశారా? మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• బరువు, ఎత్తు, బీపీ రాయించుకోండి. వాపు రాకముందు బరువెంతో తెలిస్తే అదీ చెప్పండి.

• ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా, దగ్గు వదలకపోయినా దాచవద్దు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది.

• టీకాల కార్డు చూపించండి. ఎక్కువ మోతాదు నడుస్తుండగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వంటి సజీవ టీకాలు, అంటే బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసినవి, వేయరు. ఆటలమ్మ పోసిన పిల్లలతో బిడ్డ ఆడితే అదే రోజు డాక్టరుకు ఫోను చేయండి.

• ఒక నోటుబుక్కు కొనండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. రోజూ తొలి మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ (రంగు మారే పట్టీ) ముంచి, రంగును స్ట్రిప్‌ల సీసా మీది రంగులతో పోల్చి రాయండి. పసుపు ఆకుపచ్చకు తిరిగితే ప్రొటీన్ పోతోందన్నమాట. వరుసగా 3 రోజులు ప్రొటీన్ లేకపోయినా, లేశమాత్రమే ఉన్నా మందు పనిచేసినట్టే. చాలామంది పిల్లల్లో 4 వారాల్లోపే ఇది కనిపిస్తుంది. 6 వారాలు రోజూ వేసినా తగ్గకపోతే సాధారణంగా బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు.

• మాత్ర ఉదయం, తిన్నాక వేయాలి.

• వాపు దిగిందని మీరే ఆపేయకండి. జ్వరంతో కడుపునొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.