తూనీగలను ఫొటో తీసి, జాతిని గుర్తించడం ఎలా?

ఫొటో ఎంత అందంగా వచ్చినా, అందులో కనిపించవలసిన భాగం కనిపించకపోతే తూనీగ పేరు తేలదు. ఎర్రటి తూనీగను పైనుంచి తీసిన ఒకే ఒక ఫొటో చూసి జాతి చెప్పడం, ఏళ్ల తరబడి వీటిని గమనిస్తున్న వారికి కూడా చాలాసార్లు కష్టమే. కాబట్టి కెమెరా తీయకముందే ఏయే భాగాలు చూపించాలో తెలుసుకుని వెళ్లాలి.

తెలుగు ప్రాంతాల్లో వానలు పడ్డాక, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, చెరువు గట్ల మీద, తుంగ పెరిగిన కుంటల్లో, కాలువల పక్కన, వరి మడుల్లో తూనీగలు పుష్కలంగా కనిపిస్తాయి. ఉదయం ఎండ ఎక్కకముందు వెళ్లడం మేలు. ఒళ్లు వెచ్చబడేదాకా అవి సరిగా ఎగరలేవు కనుక, మంచు బిందువులు పట్టిన రెక్కలతో గడ్డి పరకను పట్టుకుని అలాగే ఉంటాయి. పొద్దెక్కాక చాలా మగ తూనీగలు తమకు నచ్చిన పుల్ల మీదికే మళ్లీ మళ్లీ వచ్చి వాలతాయి. వాటి వెంట పరుగెత్తకుండా ఆ పుల్లకు కొంత దూరంలో కూర్చుని ఎదురుచూడాలి. దగ్గరికి వెళ్లేటప్పుడు ఒంగి, నెమ్మదిగా కదులుతూ, మన నీడ దాని మీద పడకుండా చూసుకోవాలి.

షట్టర్ వేగం సెకనులో 500వ వంతు గానీ అంతకంటే వేగంగా గానీ, అపర్చర్ (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది, కెమెరా ముఖాన్ని తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టుకోవడం. లేకపోతే కళ్లు స్పష్టంగా వచ్చి తోక మసకబారుతుంది. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, రెక్కల మొదలు కనిపించేలా ఒకటి, తోక కొసను దగ్గరగా ఒకటి తీయాలి. వీటిలో ఒక్కటే దొరికే పరిస్థితి ఉంటే పక్కనుంచి తీసినదే ఎంచుకోవాలి. రొమ్ము మీది చారలు, కాళ్ల రంగు అందులోనే తెలుస్తాయి. తోకలా కనిపించే పొట్టలో రెండో ఖండం అడుగున మగవాటికి ఉండే ఉబ్బెత్తు భాగం కూడా కనిపిస్తుంది.

ఇక గుర్తింపు. సాధారణ తూనీగలు వాలినప్పుడు రెక్కలు చాచి ఉంచుతాయి, వాటి వెనక రెక్క మొదలు వెడల్పుగా ఉంటుంది. సన్నటి పుల్లల్లా ఉండే డామ్సెల్‌ఫ్లైలలో నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి, ఎక్కువ భాగం వాటిని వీపు మీద ముడుచుకుంటాయి, కళ్లు తలకు రెండు వైపులా ఎడంగా ఉంటాయి. ఈ లక్షణాల్లో ఏ ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు. లెస్టిస్ అనే ప్రజాతికి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపుకు) చెందిన డామ్సెల్‌ఫ్లైలు రెక్కలు విప్పుకునే వాలతాయి. చెరువుల దగ్గర ఎండు కొమ్మ చివర కూర్చునే కామన్ క్లబ్‌టెయిల్ పెద్ద తూనీగే అయినా దాని కళ్లు ఒకదానికొకటి తగలవు. దాని తోక చివరి వైపు ఆకుల్లాంటి రెండు రేకులు ఉంటాయి కనుక మరో దానితో పొరబడే అవకాశం తక్కువ.

రంగు ఎంతగా తికమక పెడుతుందో తెలియాలంటే మన చెరువుల్లో తరచుగా కనిపించే రెండు ఎర్ర తూనీగలను పక్కపక్కన పెట్టి చూడాలి. స్కార్లెట్ స్కిమ్మర్ మగది నెత్తురు ఎరుపులో ఉంటుంది, కాళ్లు కూడా ఎర్రనే, పొట్ట మీద పొడవునా సన్నటి నల్ల గీత ఉంటుంది. క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్ మగది గులాబి కలిసిన ఎరుపు. దాని కాళ్లు నలుపు, రెక్కల ఈనెలు ఎర్రగా ఉంటాయి, వెనక రెక్క మొదట్లో తేనె రంగు మచ్చ వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. రెండింటిలోనూ ఆడవి, ఇంకా ముదరని మగవి పసుపు, గోధుమ ఛాయల్లో ఉంటాయి. అక్కడ ఎరుపును పట్టుకుని వెళ్తే తప్పుతాం, కాళ్లను, పొట్ట మీది గుర్తులను చూస్తే తేలుతుంది.

ఫొటోతో పాటు తేదీ, ఊరు, నీటి రకం రాసుకోవాలి: పారే నీరా, నిలిచిన నీరా, మురుగా అన్నది కూడా జాతికి ఆధారమే. నారింజ రంగు రెక్కల డిచ్ జ్యువెల్, ఇతర జాతులు అంతగా నిలవని మురుగు నీటి దగ్గర కూడా గుంపులుగా కనిపిస్తుంది. ఈ వివరాలన్నీ చేర్చి జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవారు సరిచూస్తారు. తోక కొస కనిపించక జాతి తేలనప్పుడు, ఊహించి పేరు పెట్టకుండా ప్రజాతి దగ్గరే ఆపి నమోదు చేయాలి.