ఫంకో పాప్‌లో కార్టూన్ బొమ్మలు కలెక్ట్ చేద్దామనుకునేవాళ్ళకి

పెద్ద తల, నల్లటి గుండ్రటి కళ్ళు, చాలావాటికి నోరే ఉండదు, ఎత్తు నాలుగంగుళాలకి కొంచెం తక్కువ. ఇదీ ఫంకో పాప్ అంటే. ఫంకో అమెరికాలో 1998లో పెట్టిన కంపెనీ, ఈ పాప్ లైన్ మాత్రం 2010లో వచ్చింది, మొదట్లో బ్యాట్‌మన్ లాంటి సూపర్‌హీరోలు చేశారు, ఇప్పుడైతే వీళ్ళు బొమ్మ చెయ్యని కార్టూన్ ఏదా అని వెతుక్కోవాలి. కొత్తగా మొదలెట్టినవాళ్ళు మునిగిపోయేది కూడా అక్కడే, కనిపించిందల్లా కొనేసి ఆర్నెల్లకి షెల్ఫూ ఖాళీ ఉండదు పర్సులో డబ్బులూ ఉండవు.

అందుకే ముందు ఒక్క షో పట్టుకోండి. స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చున్న బ్యాచ్ అయితే పవర్‌పఫ్ గర్ల్స్, డెక్స్‌టర్, జానీ బ్రావో, స్కూబీ డూ, కరేజ్ అన్నీ పాప్స్‌లో వచ్చాయి. వాటిల్లో ఒకటి, మహా అయితే రెండు. పవర్‌పఫ్ అనుకుంటే ముగ్గురమ్మాయిలు, విలన్ మోజో జోజో, అయిపోయింది, షెల్ఫ్ మీద నిండుగా ఉంటుంది కూడా. నలభై షోల నుంచి తలా ఒకటి పెడితే మాత్రం కలెక్షన్‌లా ఉండదు, కొట్టులా ఉంటుంది.

బాక్స్ మీద నంబర్ చూడటం అలవాటు చేసుకోండి. యానిమేషన్, టెలివిజన్, డిస్నీ, గేమ్స్ ఇలా ఒక్కో కేటగిరీకి వేరే నంబరింగ్ నడుస్తుంది కాబట్టి పేరు, కేటగిరీ, నంబర్ మూడూ కలిపి వెతికితేనే సరైన బొమ్మ దొరుకుతుంది. పికాచు కార్టూన్ కదా అని యానిమేషన్‌లో వెతికితే దొరకడు, గేమ్స్ కేటగిరీలో 353వ నంబర్.

ఇంక స్టిక్కర్ల గోల. చేజ్ అని స్టిక్కర్ ఉంటే అదే బొమ్మకి రంగో పోజో మార్చి తక్కువ సంఖ్యలో వదిలింది, మామూలుగా ఆరింటికి ఒకటి లెక్క. ఫ్లాక్డ్ అంటే పైన వెల్వెట్‌లా నూగు ఉంటుంది, స్కూబీ లాంటి కుక్క బొమ్మలకి అది భలే ఉంటుంది. వాల్టెడ్ అంటే కంపెనీ చెయ్యడం ఆపేసింది, దాంతో అమ్మేవాళ్ళు నోటికొచ్చిన రేటు చెప్తారు. ఇవన్నీ చూసి రేపు లక్షలొస్తాయి అనుకోకండి ప్లీజ్, 2023లో గోడౌన్లో పేరుకుపోయిన 3 కోట్ల డాలర్లకి పైగా సరుకుని పారేస్తున్నామని ఆ కంపెనీనే ప్రకటించింది. నచ్చితే కొనండి, ఇన్వెస్ట్‌మెంట్ అంటే బంగారం ఉందిగా.

మన దగ్గర రేటు ఎందుకంత అంటే, బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు, పైగా 2021 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ కంపల్సరీ చేశారు. కాబట్టి ఒరిజినల్ వెయ్యి దాటే ఉంటుంది. అదే బొమ్మ మూడొందలకి కనబడిందంటే డూప్లికేటే, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

మధ్య రేట్లో దొరికేవి చూసి కొనాలి. బొమ్మ పాదం కిందో మెడ దగ్గరో ఒక కోడ్ ముద్రించి ఉంటుంది, బాక్స్ అడుగున కూడా ఉంటుంది, రెండూ మ్యాచ్ అవ్వాలి. కోడే లేదంటే వదిలెయ్యండి. బాక్స్ ప్రింట్ మసగ్గా ఉన్నా, కళ్ళ పెయింట్ అంచులు దాటినా అంతే. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొంటే అడుగు భాగం ఫొటో అడగండి, పంపనంటే అక్కడితో ఆపెయ్యండి.

అమెరికా నుంచి బావగారో అక్కో వస్తుంటే తెప్పించుకోవడం మనకి మామూలే కదా, కానీ పచ్చళ్ళ సూట్‌కేస్‌లా కుక్కితే బాక్స్ మూలలు నలిగిపోతాయి. బట్టల మధ్యలో పెట్టమనండి. బాక్స్ మీద పట్టింపు లేనివాళ్ళయితే బొమ్మని విడిగా చుట్టి అట్టని మడిచి తెమ్మంటే సగం జాగా మిగులుతుంది.

బాక్స్‌లోనే ఉంచాలా తియ్యాలా అని జనం కొట్టుకుంటారు. నేను తీసేసే పార్టీ, బొమ్మ వెనక వైపు కూడా చూడాలిగా. ఉంచేవాళ్ళు మాత్రం ప్లాస్టిక్ ప్రొటెక్టర్ కొనుక్కోండి, వైజాగ్ కాకినాడ లాంటి ఊళ్ళల్లో చెమ్మకి అట్ట ఉబ్బుతుంది, సిలికా జెల్ పొట్లాలు పక్కన పడెయ్యండి. ఎండ తగిలే కిటికీ దగ్గర అస్సలు వద్దు, రంగు వెలిసిపోతుంది.

బొమ్మ ఓ పక్కకి వాలిపోతుంటే కంగారు పడకండి, వినైల్ అంటే వేడికి మెత్తబడే ప్లాస్టిక్ కాబట్టి వేడి నీళ్ళలో కాళ్ళు కాసేపు ముంచి, మెత్తబడ్డాక నిటారుగా సర్ది, వెంటనే చన్నీళ్ళలో పెడితే గట్టిపడి అలాగే నిలబడుతుంది. ఫ్లాక్డ్ వాటి మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యొద్దు, నూగు పాడవుతుంది.